ఉద్దండరాయల పెరటి నీడ

ఒకానొక రాజ్యంలో జనమంతా తలలు దించుకుని నడిచేవారు. సిగ్గుతో కాదు, వినయంతో అంతకన్నా కాదు. రాజుగారి నీడ ఎక్కడ తమ కాలికింద పడుతుందోనన్న భయంతో.

ఆ రాజ్యం పేరు మేడికొండ. ఏలేవాడు ఉద్దండరాయలు. ఆయన నీడ తొక్కినవాడికి తల తీయడమే శిక్ష. ఆ శాసనాన్ని రాతిమీద చెక్కించి కోటగుమ్మం పక్కన నిలబెట్టించాడు. చెక్కించేరోజున మంత్రి శరభయ్య చేతులు నలుపుకుంటూ, "ఏలినవారి బంధువర్గానికి మినహాయింపు రాయించమంటారా?" అని అడిగాడు.

రాయలు మీసం దువ్వాడు. "మినహాయింపా? ఎవరైనా సరే, ఎంతటివాడైనా సరే అని రాయించు. నా న్యాయం ముందు అందరూ ఒకటేనని లోకానికి తెలియాలి."

తెలిసింది. రాయలు వీధిలోకి వస్తున్నాడంటే చాలు, జనం గోడలకు అతుక్కుపోయేవారు. పొద్దుటిపూట, సాయంత్రంపూట నీడ పొడుగు కనుక భయమూ పొడుగే. తల్లులు పిల్లల్ని చంకన వేసుకుని ఇళ్ళలోకి పరుగెత్తేవారు. మిట్టమధ్యాహ్నం మాత్రం కాస్త ఊపిరి పీల్చుకునేవారు.

ఇలా ఉండగా, పొరుగున నల్లగుట్టను ఏలే ఇమ్మడి దొర ఒక తోట వేయించాడనీ, అది ఏనుగెక్కి తిరిగితే గాని పూర్తిగా కనపడదనీ కబురు వచ్చింది. ఉద్దండరాయలికి ఆ పూట అన్నం సయించలేదు.

రాణివాసం వెనక ఒక బుల్లి పెరడు ఉంది. నాలుగు నులకమంచాలు వేస్తే ఇక మనిషి మసలడానికి చోటుండదు. పగిలిన కాగులూ అరిగిపోయిన రుబ్బురోలూ పడేసుకునే చోటు. రాయలు దాన్ని చూపించి, "ఏనుగు తిరిగేంత చోటుంటే తోట ఎవడైనా వేస్తాడు. నేను ఈ గుప్పెడు నేలలో అంతకన్నా గొప్పది వేయించి ఆ దొర నోరు మూయిస్తాను. రమ్మని కబురంపండి" అన్నాడు.

కబురు వెళ్ళింది. మొదట చెయ్యవలసిన పని ఏమిటి? ఎవరినైనా అడగండి, మట్టి తవ్వడం అంటారు. రాయలు మొదట చేసిన పని, ఆ పెరడు నడిబొడ్డున తన నల్లరాతి విగ్రహం పెట్టించుకోవడం! ఇద్దరు మనుషులంత ఎత్తు. పైకెత్తిన చేతిలో కత్తి. గోడల మీదినుంచి తొంగిచూసే ఆ కత్తిని చూసి పిచ్చుకలు కూడా ఆ పెరట్లో వాలడం మానేశాయి.

శరభయ్య ఊరుకుంటాడా? "విగ్రహమూ ఏలినవారే. కనుక దాని నీడా ఏలినవారి నీడే" అన్నాడు. రాయలు మురిసిపోయి శాసనంలో ఇంకో వరుస చెక్కించాడు. తలారి గుండప్పను కత్తితో సహా ఆ పెరట్లోనే కాపలా పెట్టించాడు.

ఇక ఆ పెరట్లో తోట వేసేదెవరు? మనిషి నీడను చూసి తప్పుకోవచ్చు, వెళ్ళిపోతాడు కనుక. విగ్రహం ఎక్కడికి పోతుంది? పొద్దున పడమటి గోడ మీద మొదలుపెట్టి సాయంత్రానికి తూర్పు గోడ దాకా దాని నీడ గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ముందు పిలిచిన మాలీలు ఆ చోటు ఒకసారి చూసి, పనిముట్లు అక్కడే వదిలేసి, ఊరే విడిచి పోయారు. చివరికి పోలయ అనే మాలీని బలవంతాన తెచ్చి నిలబెట్టారు.

పోలయ నెమ్మదస్తుడు. నీడ పడమట ఉంటే తూర్పున తవ్వేవాడు, తూర్పుకి వస్తే పడమటికి పోయేవాడు. ఒకరోజు తూర్పు గోడవారన జాజితీగ నాటుతూ, వేళ్ళు విరక్కుండా మట్టి సర్దుతూ, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"పోలయ్యా... కాలు..." అని గుండప్ప గొణిగాడు. ఆ తలారికీ ఆలుబిడ్డలున్నారు.

అప్పటికే ఆలస్యమైపోయింది. పోలయ మడమ మీద నల్లగా కత్తి మొన నీడ. కిటికీలోంచి శరభయ్య కళ్ళు.

పట్టుకొచ్చి రాయల ముందు పడేశారు. పోలయ చేతులు జోడించి, "నేను తొక్కలేదు దొరా. నేను కూర్చున్నచోటే కూర్చున్నాను. అదే నా మీదికి వచ్చింది" అన్నాడు.

"నా నీడ నడుచుకుంటూ నీ దగ్గరికి వచ్చిందా? నువ్వంత గొప్పవాడివన్నమాట!" అన్నాడు రాయలు. "తీసుకుపోయి గోతిలో పడెయ్యండి. దొర వచ్చి వెళ్ళాక తల తీయండి. అతిథి ఉండగా నెత్తురు కనపడితే బాగుండదు."

చూశారా, మర్యాద తెలిసిన రాజు!

పోలయకు సూరమ అని ఒక చెల్లెలు. మాలీల ఇంట పుట్టినా నోటి చలవతో రాణివాసంలో కథలు చెప్పే కొలువు సంపాదించుకుంది. మాటకు మాట అప్పగించందే నిద్రపోని మనిషి. అన్నను గోతిలో వేశారన్న కబురు వినగానే ఆమెకు మొట్టమొదటిసారి నోట మాట పోయింది. గోడకు చేరగిలబడి చాలాసేపు అలాగే కూర్చుంది. తరవాత ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, సభకు వెళ్ళింది.

సభలో అందరూ ఆమెనే చూశారు. అన్నకోసం ఏడుస్తుందనుకున్నారు. ఆమె ఏడవలేదు.

"ప్రభూ, తోట సగంలో ఆగిపోయింది. ఇమ్మడి దొరవారు బయల్దేరారట. ఇప్పుడు ఏ మాలీని పిలిచినా రాడు. సెలవైతే నేను పూర్తి చేస్తాను."

రాయలు కనుబొమ్మ ఎత్తాడు. "కథలు చెప్పేదానివి, మొక్కల సంగతి నీకేం తెలుసే?"

"మాలీ ఇంట్లో పిల్లలు అన్నం తినకముందే మట్టి తింటారు ప్రభూ."

ఎవరో కిసుక్కుమని, రాజు వైపు చూసి ఠక్కున ఆపేశారు. రాయలు నవ్వలేదు.

"పూర్తి చెయ్యి. నీడ తొక్కావంటే నీ అన్న పక్కనే నువ్వూ. తోట నా మనసుకు పట్టకపోయినా అంతే."

"పడితే?"

ఉద్దండరాయల్ని ఎదురు ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

"పడితే," అని రాయలు మెల్లగా, ఒక్కో మాటా నములుతున్నట్టు అన్నాడు, "ఆలోచిస్తాను."

సూరమ దండం పెట్టి బయటికి వచ్చింది. వచ్చేటప్పుడు పైట కొంగు పిడికిట్లో ఎంత బిగించిందంటే, తరవాత చూసుకుంటే గోళ్ళు దిగి చిరిగిపోయి ఉంది.

చెర అంటే కోట అడుగున ఒక గొయ్యి. పైన దుంగల మూత. సూరమ దుంగల సందులోంచి పిలిచింది.

"అన్నా!"

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? పో. ఎవరైనా చూస్తారు."

"సెలవు తీసుకునే వచ్చాను. పెరడు నా చేతికి వచ్చింది. ఎలా వెయ్యాలో చెప్పు."

కింద చీకట్లో పోలయ గొంతు మారింది. తల మీదికి వచ్చిన శిక్ష మరిచిపోయి, మొక్కల దగ్గర మాట్లాడే గొంతుతో మాట్లాడాడు.

"చిన్న పెరట్లో అన్నీ పెట్టకు. అన్నీ పెడితే అదింకా చిన్నదైపోతుంది. గుమ్మంలో నిలబడ్డవాడికి చివరి గోడ కనపడనీకు. దారి తిన్నగా వెయ్యకు, వంపు తిప్పు, మలుపు దగ్గర గుబురుగా ఒక పొద పెట్టు. దాని వెనక ఇంకెంతో ఉందనుకుంటాడు. గోడలకు తీగలు పాకించు. గోడ కనపడకపోతే పెరడు ఎక్కడ ఆగిందో ఎవడికి తెలుస్తుంది? వెడల్పాటి రాతి తొట్టి ఒకటి పెట్టి నీళ్ళు నింపు. ఆకాశం అందులోకి దిగుతుంది."

"కూర్చోడానికి అరుగు?"

"ఎక్కడైనా వెయ్యి గాని తూర్పు గోడకి మాత్రం వెయ్యకు తల్లీ. పొద్దు వాలేసరికి ఆ పాడునీడ సరిగ్గా అక్కడికే పాకుతుంది. నన్ను పట్టుకున్నది అక్కడే."

సూరమ తలెత్తి పెరటి వైపు చూసింది.

"ఏమే, పలకవేం?"

"అక్కడే వేస్తాను."

కిందినుంచి ఊపిరి చప్పుడు. "నీకేమైనా మతిపోయిందా?"

"గట్టిగా అరవకు అన్నా. కాపలావాళ్ళు వింటారు."

"సూరీ, నా మాట విను. ఇంట్లోంచి ఒక తల పోతే చాలు. నువ్వు నీ కథలు చెప్పుకుని బతుకు. ఆ రాజు నీతో ఆడుకోడు, నిన్ను చంపుతాడు."

"తెలుసు" అంది సూరమ. ఆ మాట అంటుంటే ఆమె పళ్ళు టకటకమన్నాయి. గోతి చలో, లోపలి చలో.

మర్నాటినుంచి సూరమ పనిలోకి దిగింది. మట్టి తట్ట నెత్తిన పెట్టుకున్నా కళ్ళు నేలమీదే. నీడ ఇటు జరిగితే ఆమె అటు జరిగేది. ఒకసారి మడమ పక్కనే, వెంట్రుకవాసి దూరంలో కత్తి నీడ కనపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుండప్ప ఆకాశం వంక చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు, "ఈ పక్క ఎండ తగ్గుతోందర్రా" అనేవాడు. ఆమె అది విని పక్కకు జరిగేది.

అన్న చెప్పినట్టే దారి వంపు తిరిగింది. మలుపులో నందివర్ధనం గుబురు. గోడలమీద జాజి, శంఖుపూలు, కాశీరత్నం. రాతి తొట్టిలో ఆకాశం. తూర్పు గోడవారన, విగ్రహానికి ఎదురుగా, సున్నం పూసిన తెల్లటి అరుగు.

ఒక మధ్యాహ్నం శరభయ్య తనిఖీకి వచ్చాడు. విగ్రహం నీడ దాని పాదాల దగ్గరే ముడుచుకుని ఉన్న వేళ. మంత్రి అరుగు దగ్గర ఆగాడు.

"ఇదిక్కడెందుకు వేశావు?"

సూరమ చేతిలో చెంబు వణికి నీళ్ళు ఒలికాయి. తొణికినట్టు కాకుండా మొక్కకు పోస్తున్నట్టు చెంబు వంచేసింది.

"ఇక్కడ కూర్చుంటే ఏలినవారికి ఎదురుగా ఏలినవారే కనిపిస్తారు. ఇంతకన్నా చూడదగ్గది ఈ రాజ్యంలో ఇంకేముంది మంత్రిగారూ?"

శరభయ్య ముఖం విప్పారింది. "ఈ ముక్క నేను చెప్పానని రాయలవారితో అంటాను, ఏం?"

"తమరు చెప్పిందే కదా" అంది సూరమ.

ఇమ్మడి దొర వచ్చాడు. వయసు మళ్ళినవాడు, భారీ మనిషి, చేతికర్ర లేనిదే నడవలేడు. విందు ముగిశాక రాయలు ఆయన్ని పెరటి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చాడు. దొర ఒక్క క్షణం ఆగిపోయాడు.

"ఇంత చోటు ఎక్కడిది రాయలవారూ? బయటినుంచి చూస్తే గుప్పెడంత ఉందే!"

రాయల ఛాతీ ఉబ్బింది. "ఇంకా ఉంది, నడవండి." 

వంపు తిరిగి, పొద దాటి, తొట్టిలో మబ్బుల్ని చూసుకుని ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. శరభయ్య చేతులు కట్టుకుని విగ్రహం పక్కన నిలబడ్డాడు, ఎండ పడే వైపున. సేవకులు వింజామరలు పట్టుకుని గోడవారన ఒదిగారు. గుండప్ప తన చోట తాను, కత్తితో. పొద్దు కాస్త పడమరకు ఒరిగింది.

"సూరమా, దొరవారికి ఒక కథ చెప్పు" అన్నాడు రాయలు.

ఆమె ఎదురుచూసింది ఆ మాటకోసమే. అరుగుకు ఎడంగా నిలబడి మొదలుపెట్టింది. ఒక మేడ, మేడలో గదులు, చివరి గదిలో దాచిన పచ్చల పెట్టె, దానికోసం వచ్చిన ఒక దొంగ. దొంగ మొదటి గదిలోకి వెళ్ళాడు. అక్కడ పాము. పామును దాటాడు, రెండో గదిలో గుడ్డి ముసలమ్మ. "ఆ తరవాత?" అన్నాడు దొర ముందుకు వంగి. సూరమ గది వెనక గది కడుతూనే ఉంది. నీడను చూడకూడదు. చూస్తే వాళ్ళూ చూస్తారు. చూడకుండా దొంగను నడిపిస్తూనే ఉంది. వీపుమీద చెమట ధారకట్టి నడుము దాకా దిగింది.

నేలమీద నల్లని చార ఒకటి నందివర్ధనం పొదను దాటింది. తొట్టి అంచును దాటింది. దొంగ ఇంకో తలుపు తెరిచాడు.

కత్తి మొన నీడ అరుగు కిందికి వచ్చి, నెమ్మదిగా, మెత్తగా, ఉద్దండరాయల కాలి బొటనవేలిని తాకింది.

సూరమ కథ ఆపేసింది.

"ఆపావేం?" అన్నాడు రాయలు. "దొంగకు పెట్టె దొరికిందా లేదా?"

"ప్రభూ... తమ పాదం..."

రాయలు కిందికి చూశాడు. ఎవరో నిప్పు అంటించినట్టు రెండు కాళ్ళూ పైకి లాక్కున్నాడు. ఆయన్ని చూసి ఇమ్మడి దొర తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఆయన కాలివేళ్ళ మీదికీ నీడ పాకుతోంది. కర్ర కిందపడేసి, ఆపసోపాలు పడుతూ ఆయనా కాళ్ళు అరుగు మీదికి ఎత్తేసుకున్నాడు. ఇద్దరు ప్రభువులు, వానకు తడిసిన కోళ్ళలా, ముడుచుకుని కూర్చున్నారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికుంది?

"రాయలవారూ," అన్నాడు దొర, "మీ కోటగుమ్మం దగ్గర రాయి చదివాను. నన్ను పిలిచింది తోట చూపించడానికా, తల తీయడానికా?"

"దొరవారూ, అదేం మాట! మీరు తొక్కలేదు."

"మరి మీరు?"

"నేనూ తొక్కలేదు!" రాయలు కోపంగా అందరి వంకా చూశాడు. "అందరూ చూశారుగా! నేను కదలనైనా కదల్లేదు. కూర్చున్నచోటే కూర్చున్నాను. అదే నా మీదికి వచ్చింది!"

మాట నోటినుంచి వెళ్ళిపోయింది. వెళ్ళాక ఆ మాట ఎక్కడ విన్నాడో ఆయనకే గుర్తొచ్చినట్టు పెదవులు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

సూరమ మోకాళ్ళమీద కూర్చుంది.

"ప్రభూ, మా అన్న కూడా ఇక్కడే కూర్చున్నాడు. ఈ మాటే అన్నాడు. అక్షరం తేడా లేదు. ఆ మాట నిజమైతే మా అన్న నిర్దోషి. అబద్ధమైతే..."

ఆ పైన ఆమె అనలేదు. అనవలసిన పనీ లేదు.

"ఏలినవారికి శాసనం వర్తించదు!" అని అరిచాడు శరభయ్య.

"ఎవరైనా సరే, ఎంతటివాడైనా సరే అని ఉందే" అన్నాడు దొర. "ఇందాకే చదివానని చెప్పానుగా."

"గొడుగు! గొడుగు తెండి! విగ్రహానికి ఎండ తగలకుండా పట్టండి, నీడే ఉండదు!" అన్నాడు శరభయ్య, తన తెలివికి తానే ముచ్చటపడుతూ. సేవకులు పరుగున వెళ్ళి, పడమటి గోడ ఎక్కి, అవతలినుంచి పెద్ద రాచగొడుగు విప్పి పట్టారు. విగ్రహం నీడతో పాటు గొడుగు నీడ కూడా వచ్చి పెరడంతా కమ్మేసింది. ఇప్పుడు రాజనీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చెప్పగలవాడు లేడు. శరభయ్య కెవ్వుమని ఎగిరి తొట్టి గట్టు మీద నిలబడ్డాడు. వింజామరల వాళ్ళు గోడ రాళ్ళు పట్టుకుని వేలాడారు.

రాయల ముఖం నల్లబడింది. సిగ్గు ఉడికి ఉడికి కోపంగా మారింది. ఆయన సూరమ వైపు తిరిగాడు. ఆ చూపు తగిలినవాళ్ళు బతికిన దాఖలా లేదు.

"ఇది నువ్వు కావాలనే చేశావు."

సూరమకు అన్న గొంతు వినిపించింది. ఆ రాజు నీతో ఆడుకోడు.

"అరుగు నేనే వేశాను ప్రభూ. విగ్రహం తమరు పెట్టారు. పొద్దును ఎవరు నడిపారో నాకు తెలియదు."

"గుండప్పా!"

తలారి కత్తి దూశాడు. ఒక అడుగు వెయ్యబోయి ఆగాడు. తనకూ ఆమెకూ మధ్య నేలంతా నల్లగా పరుచుకుని ఉంది. తన కాళ్ళ కిందా అదే.

"ప్రభూ," అన్నాడు గుండప్ప, గొంతు కీచుగా వచ్చింది, "నేను ఇప్పటికే తొక్కి ఉన్నాను. ముందు ఎవరి తల తీయమంటారు? నాది నేనే ఎలా తీసుకోను?"

ఎవరూ కదల్లేదు. కదిలితే చావు, కదలకపోతే కాళ్ళ నొప్పి. కాసేపయ్యాక ఇమ్మడి దొర మూలిగాడు.

"రాయలవారూ, నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. పొద్దు గూకేదాకా ఇలాగే కూర్చోవాలా?"

రాయలు పళ్ళు బిగబట్టాడు. ఆయన పిక్కలూ పట్టేశాయి. రెండు చేతులతో పాదాన్ని పట్టుకుని నొక్కుకుంటూ ఎదురుగా చూశాడు. ఎదురుగా విగ్రహం. కత్తి ఎత్తి, తన మీదికే దూకబోతున్నట్టు, తననే గుడ్లురిమి చూస్తోంది. ఇన్నాళ్ళూ తనను చూసి ఎందుకు జనం గోడలకు అతుక్కుపోయారో ఆయనకు బహుశా ఆ క్షణాన తెలిసింది.

"శరభయ్యా" అన్నాడు చివరికి. గొంతు చిన్నదైంది. "ఆ శాసనం రద్దు. రాయి పగలగొట్టించు."

"విగ్రహానికి సంబంధించిన వరుసా ప్రభూ, లేక..."

"మొత్తం! వెధవ రాయి మొత్తం! నా కాలు చచ్చిపోతోంది!"

అని, ఉద్దండరాయలు తన కుడికాలు మెల్లగా, పసిపిల్లవాడు చెరువులో కాలు పెట్టినట్టు, నీడలోకి దించాడు. ఏమీ కాలేదు. చల్లగా ఉంది, అంతే. రెండో కాలు దించాడు. పక్కన ఇమ్మడి దొర ఇంకా మోకాళ్ళు కావలించుకుని ఉన్నాడు. తొట్టి గట్టు మీద మంత్రి ఒంటికాలిమీద ఊగుతున్నాడు.

రాయల గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది దగ్గో, కోపమో ఎవరికీ తెలియలేదు. సూరమ కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు పెరిగింది, పొట్ట అదిరింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉద్దండరాయలు నవ్వుతున్నాడు. ఆయన నవ్వడం ఆ కోటలో ఎవరూ చూసి ఉండలేదు గనుక, ఆయన రెండోసారి ఊపిరి తీసుకునేదాకా ఎవరూ నమ్మలేదు. ముందు దొర నవ్వాడు. ఆ తరవాత శరభయ్య తొట్టిలో పడ్డాడు. అప్పుడిక అందరూ నవ్వారు.

రాయలు తన మెడలోని ముత్యాల హారం తీసి సూరమ చేతిలో పెట్టాడు. "తోట నా మనసుకు పట్టింది. ఇంకేం కావాలో అడుగు."

"మా అన్న, ప్రభూ."

"వాడు నిర్దోషి అని ఇందాక నేనే తీర్పు చెప్పానుగా! ఇంకేదైనా అడుగు."

సూరమ విగ్రహం వంక చూసింది. ఒక్క మాట ఎక్కువైతే ఇంతసేపూ సాధించింది పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"ఈ పెరడు ఆ విగ్రహానికి ఇరుకు ప్రభూ. అంతటి విగ్రహాన్ని పడమటి బురుజు మీద పెడితే ఊరంతా చూస్తుంది. పొద్దున పూట దాని నీడ కోట అవతల కందకంలో పడుతుంది."

"కందకంలో మొసళ్ళున్నాయే. అవి తొక్కితే?"

"తమరు శాసనం రద్దు చేశారు గనుక అవి బతికిపోయాయి."

రాయలు మళ్ళీ నవ్వాడు. ఈసారి ఆయన నవ్వుకు ముందే ఒకరిద్దరు నవ్వేశారు, నవ్వాక నాలిక కరుచుకున్నారు. భయం ఒక్కపూటలో పోయేది కాదు మరి.

ఎడ్లను కట్టి, తాళ్ళు లాగి, ఆ నల్లరాతిని పెరట్లోంచి తరలించారు. గోతి మూత తీశారు. వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ, గడ్డం మాసి, పోలయ బయటికొచ్చాడు. సూరమ చెయ్యి పట్టుకుని తిన్నగా పెరట్లోకి తీసుకొచ్చింది.

పోలయ దారి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. తూర్పు గోడవైపు నేలంతా ఎండే. చుక్క నీడ లేదు. అయినా ఆయన కాలు ముందుకు పడలేదు. గోడకు వీపు ఆనించి, పక్కపక్కగా, అలవాటైన చుట్టుదారిలో పోబోయాడు.

"అన్నా, ఇటు. తిన్నగా రా."

"అక్కడ..."

"ఏమీ లేదు. చూడు."

ఆమె ముందు తాను నడిచింది. ఎండలో నిలబడి చెయ్యి చాచింది. పోలయ ఒక పాదం ఎత్తాడు, చాలాసేపు గాలిలోనే ఉంచాడు, తరవాత దించాడు. రెండో పాదం దించాడు. మట్టి వెచ్చగా ఉంది. కాలి వేళ్ళతో మట్టిని ఒకసారి పట్టి చూశాడు. వంగి, తాను ఆనాడు నాటిన జాజితీగను వేలితో ఎత్తి, మొదలు చూసి, ముఖం చిట్లించాడు.

"ఏమే సూరీ, దీనికి ఇన్ని నీళ్ళెవరు పొయ్యమన్నారే? వేళ్ళు కుళ్ళిపోతాయని తెలీదూ? మాలీ కడుపున పుట్టి..."

రాజసభలో తొణకని సూరమ ఆ తిట్లు వింటూ, తెల్లటి అరుగు మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. పోలయ తీగను గోడకు సర్దుతూ తిడుతూనే ఉన్నాడు.